బాపుకు చెప్పి, బాపును అడిగి

నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు డెబ్బై ఏళ్ల మనిషి నడుము నొప్పి అంటే ఇంట్లో ఎవరూ కంగారుపడరు. మెడ తిరగకపోవడం, మోకాళ్లు వంగకపోవడం, నడుము బిగుసుకుపోవడం అక్కడ తరాలుగా చూస్తున్న బాధలే. బావుల్లో, బోర్లలో ఉన్న ఫ్లోరైడ్ ఎముకల్లో పేరుకుని చేసిన పని అది. 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఆ తర్వాత న్యూరోసర్జన్ డాక్టర్ డి. రాజారెడ్డి ఈ జబ్బు వెన్నుపామును ఎలా నొక్కేస్తుందో ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. పటిక, సున్నం వేసి నీటిలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే 'నల్లగొండ టెక్నిక్'. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ ఈరోజు డెబ్బైల్లో ఉన్నవాళ్ల ఎముకల్లో ఉన్నది చిన్నప్పటి నుంచి తాగిన పాత నీళ్ల ఫ్లోరైడే.

ప్రోస్టేట్ క్యాన్సర్ గురించి రాస్తూ ఎముకల దగ్గర మొదలుపెట్టడానికి కారణముంది. ఈ క్యాన్సర్ గ్రంథిని దాటితే ఎక్కువగా చేరేది వెన్నెముకకూ కటి ఎముకలకూ. చాలా క్యాన్సర్లు ఎముకను తొలిచేస్తాయి. ప్రోస్టేట్ క్యాన్సర్ మాత్రం తాను చేరిన చోట కొత్త ఎముకను పుట్టిస్తుంది. అందువల్ల ఎక్స్‌రేలో ఆ భాగం మామూలు కంటే తెల్లగా, చిక్కగా కనబడుతుంది. ఫ్లోరోసిస్ ఎముక కూడా ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగానే ఉంటుంది. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ రెండింటిలోనూ పెరుగుతుంది. క్యాన్సర్ ఎముకకు పాకిందా అని చూసే బోన్ స్కాన్‌లో నరానికి ఎక్కించే టెక్నీషియం మందు, ఎముక చురుగ్గా కట్టుకుంటున్న ప్రతి చోటా చేరుతుంది. అక్కడ పని చేస్తున్నది క్యాన్సరా, ఫ్లోరైడా అన్నది ఆ మందుకు తెలియదు.

దీనివల్ల రెండు రకాల పొరపాట్లకు వీలుంది. మొదటిది అందరికీ తోచేదే: క్యాన్సర్ నొప్పిని ఫ్లోరైడ్ నొప్పి అనుకుని నెలల తరబడి మాత్రలు మింగుతూ కూర్చోవడం. రెండోది అంతగా తోచదు, కానీ నష్టం తక్కువేమీ కాదు. గ్రంథి దాటని, నయం చేయగల క్యాన్సర్ ఉన్న మనిషికి ఫ్లోరైడ్ ఎముకల స్కాన్ చూసి 'నాలుగో దశ' అని ముద్ర వేస్తే, ఆపరేషన్, రేడియేషన్ అన్న రెండు దారులూ అక్కడితో మూసుకుపోతాయి. చికిత్సను ఎంచుకోవడం అనే మాటకే అర్థం లేకుండా పోతుంది.

తేడా పట్టే దారులు ఉన్నాయి. ఫ్లోరోసిస్‌లో అస్థిపంజరం మొత్తం దాదాపు ఒకే తీరుగా చిక్కబడుతుంది. క్యాన్సర్ అక్కడొక మచ్చ, ఇక్కడొక మచ్చగా పడుతుంది. ముంజేతి రెండు ఎముకల మధ్య ఉండే పలుచని పొర ఫ్లోరోసిస్‌లో గట్టిపడి ఎముకగా మారుతుంది. మామూలు ముంజేతి ఎక్స్‌రేలో అది తెలిసిపోతుంది. జిల్లా దవాఖానలో తీసే ఆ చవక ఎక్స్‌రే పట్నంలో తీసిన ఖరీదైన స్కాన్‌ను సరిగ్గా చదవడానికి పనికొస్తుంది. అనుమానం తీరకపోతే ఎమ్మారై ఉంది, పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ ఉంది. ఈ రెండోది ఎముక పెరుగుదలను కాకుండా ప్రోస్టేట్ కణాల మీద ఉండే ఒక ప్రోటీన్‌ను వెతుకుతుంది. 2020లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనంలో, వ్యాప్తిని సరిగ్గా చెప్పడంలో పీఎస్‌ఎంఏ పెట్ కచ్చితత్వం 92 శాతం, సీటీ, బోన్ స్కాన్ కలిపి చేసినప్పుడు 65 శాతం. అయితే క్యాన్సర్ కాని కొన్ని ఎముక మార్పులు కూడా పెట్‌లో వెలుగుతాయి. కాబట్టి ఏ స్కాన్ రాసే డాక్టర్‌కైనా ముందే చెప్పాల్సిన మాట ఇది: "సార్, మాది ఫ్లోరైడ్ ఊరు."

ప్రోస్టేట్ మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. వయసులో ఉన్నప్పుడు ఉసిరికాయంత ఉంటుంది. మూత్రనాళం దాని మధ్య నుంచి పోతుంది. వయసు మీద పడ్డాక నాళాన్ని చుట్టుకుని ఉన్న లోపలి భాగం ఉబ్బుతుంది. రాత్రి నాలుగుసార్లు లేవడం, ధార సన్నబడటం, ఒంటికి పోయినా ఇంకా మిగిలినట్టే ఉండటం ఈ ఉబ్బు వల్లే. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారేదీ కాదు. క్యాన్సర్ ఎక్కువగా పుట్టేది వెనకవైపు అంచు భాగంలో. నాళానికి దూరంగా ఉండటం వల్ల మొదట్లో అది ఏ ఇబ్బందీ పెట్టదు.

ఇక్కడే ఊళ్లలో పెద్ద గందరగోళం. "ఈ ఆపరేషన్ ఆయనకు పదేళ్ల కిందనే అయింది గదా, మళ్ల క్యాన్సర్ ఎట్లొస్తది?" అంటారు. పదేళ్ల కింద అయింది టర్ప్. ఉబ్బిన లోపలి భాగాన్ని మూత్రనాళం గుండా గీకి తీసి దారి చేశారు. అంచు భాగం అలాగే ఉంది. క్యాన్సర్ కోసం చేసే ఆపరేషన్ వేరు: గ్రంథి మొత్తాన్నీ దాని వెనకున్న వీర్యకోశాలతో సహా తీసేసి, మూత్రాశయం మెడను కిందనున్న మూత్రనాళానికి కలిపి కుడతారు. ఆపరేషన్ పెద్దది, కోలుకునే తీరు వేరు. పక్కింటాయన టర్ప్ చేయించుకుని వారంలో పొలానికి పోయాడని దీన్నీ అదే లెక్కలో చూడకూడదు.

పీఎస్ఏ రక్తపరీక్ష గురించి రెండు ముక్కలు. పీఎస్ఏ ఆ గ్రంథి తయారు చేసే ప్రోటీన్, క్యాన్సర్ మాత్రమే తయారు చేసేది కాదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, ఒంటేలు ఆగిపోయి పైపు వేసినా అది పెరుగుతుంది; కొన్ని వారాలు ఆగి మళ్లీ చూడాలి. ఉబ్బు తగ్గడానికి ఇచ్చే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలు ఆరు నెలల్లో పీఎస్ఏను దాదాపు సగానికి దించేస్తాయి. ఆ మాత్రలు వాడుతున్న సంగతి చెప్పకపోతే 8 ఉండాల్సింది 4గా కనబడి, అందరినీ నిశ్చింతగా ఉంచుతుంది. ఫ్లోరైడ్ మాత్రం పీఎస్ఏను పెంచదు, తగ్గించదు.

పీఎస్ఏ ఎక్కువుంటే నేరుగా బయాప్సీకి పోకుండా ముందు ఎమ్మారై తీసి, అనుమానమున్న చోటు నుంచే ముక్కలు తీయడం ఇప్పటి పద్ధతి. ఆ ముక్కల రిపోర్టులో చూడాల్సిన అంకె గ్లీసన్ స్కోరు. డోనాల్డ్ గ్లీసన్ అనే అమెరికా పాథాలజిస్టు 1966లో మొదలుపెట్టిన లెక్క అది. 3+3=6 అన్నిటికంటే మెల్లగా నడిచేది. 3+4=7కూ 4+3=7కూ మొత్తం ఒకటే అయినా రెండోది మరింత ఉధృతమైనది. ఈ తికమక తీర్చడానికే ఇప్పుడు 1 నుంచి 5 వరకు గ్రేడ్ గ్రూపులు కూడా రాస్తున్నారు. గ్రేడ్ గ్రూపు 1, పీఎస్ఏ 10 లోపు ఉండి, గడ్డ చిన్నదైతే తక్కువ ప్రమాదం. పీఎస్ఏ 20 దాటినా, గ్రేడ్ గ్రూపు 4 లేదా 5 అయినా ఎక్కువ ప్రమాదం. చికిత్స మాట ఈ అంకెల తర్వాతే రావాలి.

ఈ లోపల ఇంట్లో ఇంకో పని జరిగిపోతుంటుంది. రిపోర్టు కొడుకు చేతికో అల్లుడి చేతికో వస్తుంది. "బాపుకు చెప్పకుండ్రి సార్, తట్టుకోలేడు" అని బతిమాలతారు. అది ప్రేమతో అన్నమాటే, ఆ ప్రేమను నేను శంకించను. కానీ ఈ జబ్బు విషయంలో దాచడం వల్ల జరిగే నష్టం వేరే జబ్బుల కంటే ఎక్కువ. గ్రంథి దాటని ప్రోస్టేట్ క్యాన్సర్‌కు చాలాసార్లు ఒకటి కంటే ఎక్కువ సరైన చికిత్సలుంటాయి. వాటి మధ్య తేడా ఆయుష్షులో కంటే ఆ తర్వాత బతికే తీరులో ఉంటుంది. ఒకదానిలో మూత్రం అదుపు తప్పవచ్చు. ఇంకోదానిలో విరేచనంతో ఇబ్బంది రావచ్చు. మరోదానిలో ఒంట్లో క్యాన్సర్ ఉందని తెలిసి ఏళ్ల తరబడి పరీక్షలతో బతకాలి. వీటిలో ఏది భరించగలనో చెప్పగలిగినవాడు ఆ మనిషి ఒక్కడే. దాంపత్యంలో దేనిని వదులుకోగలడో కొడుకుకు ఎలా తెలుస్తుంది?

బ్రిటన్‌లో ప్రొటెక్ట్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 50 నుంచి 69 ఏళ్ల మధ్య 82,429 మందికి 1999-2009 మధ్య పీఎస్ఏ చేసి, క్యాన్సర్ గ్రంథిలోనే ఉన్నవాళ్లలో 1,643 మందిని చీటీ తీసినట్టు మూడు గుంపులుగా పంచారు: కనిపెట్టి చూడటం, ఆపరేషన్, రేడియేషన్. 15 ఏళ్ల ఫలితాలు 2023లో వచ్చాయి. ఏ గుంపులోనైనా ప్రోస్టేట్ క్యాన్సర్‌తో చనిపోయినవాళ్లు మూడు శాతం దరిదాపుల్లోనే ఉన్నారు. మొత్తం మీద 2.7 శాతం. క్యాన్సర్ వేరే చోటికి పాకినవాళ్లు మాత్రం కనిపెట్టి చూసిన గుంపులో 9.4 శాతం, ఆపరేషన్ గుంపులో 4.7, రేడియేషన్ గుంపులో 5. కనిపెట్టి చూద్దామన్నవాళ్లలో దాదాపు 60 శాతం మంది ఆ పదిహేనేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఆపరేషనో రేడియేషనో తీసుకున్నారు. తక్కిన వాళ్లు ఆ రెండూ తీసుకోలేదు.

ఈ లెక్కను మన జిల్లాలకు యథాతథంగా తెచ్చుకోకూడదు. అక్కడివాళ్లకు ఏ బాధా లేనప్పుడు పరీక్ష చేసి జబ్బు పట్టుకున్నారు. మన దగ్గర చాలామంది బాధ మొదలయ్యాక వస్తారు. అలాంటి రోగులకు దగ్గరగా ఉండేది స్కాండినేవియాలో 695 మందితో 1989లో మొదలైన అధ్యయనం. పీఎస్ఏ పరీక్షలు విస్తరించక ముందు, ఎక్కువగా లక్షణాలతోనో చేతి పరీక్షతోనో బయటపడిన క్యాన్సర్లు అవి. చికిత్స చేయకుండా చూస్తూ ఊరుకున్నవాళ్ల కంటే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 23 ఏళ్ల లెక్కలో సగటున 2.9 ఏళ్లు ఎక్కువ బతికారు. తక్కువ ప్రమాదమున్న జబ్బుకు తొందర అక్కర్లేదని మొదటి అధ్యయనం చెబితే, ముదిరే గుణమున్న జబ్బును, మనిషికి ఇంకా పదేళ్ల ఆయుష్షు ఉన్నప్పుడు, వదిలేయకూడదని రెండోది చెబుతుంది. గుండె బలహీనంగా ఉన్న ఎనభై ఏళ్ల పెద్దాయనకు గ్రేడ్ గ్రూపు 1 గడ్డ దొరికితే దాన్ని కోసి తీయాలని పట్టుబట్టడం ఆయనకు మేలు చేయదు.

కనిపెట్టి చూడటం అంటే ఇంటికి పోయి మరిచిపోవడం కాదు. ఆరు నెలలకోసారి పీఎస్ఏ, మధ్యలో ఎమ్మారై, ఏడాదికో ఆ తర్వాతో మళ్లీ బయాప్సీ. పాలమూరు (మహబూబ్‌నగర్) నుంచి పనికోసం పుణె, బొంబాయి పోయి ఆరేసి నెలలు అక్కడే ఉండే మనిషి ఈ క్రమం పాటించగలడా? పాటించలేకపోతే అతనికి ఆపరేషనో రేడియేషనో మేలు కావచ్చు. వైద్యుడికి చెప్పాల్సిన వివరాల్లో బతుకుదెరువు కూడా ఉండాలి.

దూరం కూడా లెక్కలోకి రావాలి. ఊళ్లలో 'కరెంటు పెట్టించడం' అనే రేడియేషన్ ఒక్క రోజుతో అయ్యేది కాదు. ఒకప్పుడు 37 రోజులు, అంటే వారానికి ఐదు రోజుల చొప్పున ఏడు వారాలకు పైగా ఇచ్చేవారు. మహబూబ్‌నగర్ నుంచైనా నల్లగొండ నుంచైనా పట్నం వంద కిలోమీటర్లు. అచ్చంపేట, దేవరకొండ తండాల నుంచి ఇంకా దూరం. 2016లో వచ్చిన చిప్ అనే బ్రిటిష్ అధ్యయనం, రోజుకు ఇచ్చే మోతాదు కొంచెం పెంచి 20 రోజుల్లో ముగించినా ఫలితం తగ్గదని తేల్చింది. ఆ తర్వాత సూటిగా గురిపెట్టే యంత్రాలతో ఐదు విడతల్లో ముగించే పద్ధతి కూడా తగిన రోగుల్లో నిలబడింది. పట్నంలో గది అద్దెకు తీసుకుని ఉండాల్సిన కుటుంబానికి ఏడు వారాలకూ నాలుగు వారాలకూ తేడా చాలా పెద్దది. "నాకు 20 రోజుల పద్ధతి సరిపోతుందా సార్?" అని అడగడానికి మొహమాటపడొద్దు. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖాన 1955 నుంచి పేదలకు దిక్కుగా ఉంది. నిమ్స్, బసవతారకం, బీబీనగర్ ఎయిమ్స్ ఆ తర్వాతివి. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఏ స్కాను, ఏ మందు అందులోకి వస్తుందో దవాఖానలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోవాలి.

క్యాన్సర్ నిజంగానే ఎముకలకు పాకి ఉంటే దారి వేరు. ప్రోస్టేట్ కణాలకు మగ హార్మోన్ ఆహారమని 1941లో చార్లెస్ హగ్గిన్స్ చూపారు. 1966లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆ హార్మోన్‌ను ఆపడానికి మూడు నెలలకోసారి ఇంజెక్షన్ ఉంది, వృషణాలను తీసేసే చిన్న ఆపరేషన్ ఉంది. రెండింటి ఫలితం సమానం. ఇంజెక్షన్ తప్పిపోతే హార్మోన్ మళ్లీ పెరుగుతుంది, ఆపరేషన్‌కు ఆ బెడద లేదు, ఖర్చు ఒక్కసారే. అవమానమనిపించడం సహజం, ఆ బాధను కొట్టిపారేయకూడదు. అయినా ప్రతి మూడు నెలలకూ అప్పు చేయాల్సిన ఇంట్లో ఈ మాట ఎత్తకుండా ఉండటం అన్యాయం. ఈ చికిత్సకు ఇప్పుడు అబిరటెరోన్ లాంటి మాత్రలు తోడై ఆయుష్షు పెరిగింది. మన దేశంలో తయారైన జెనరిక్ మందులు దొరుకుతున్నాయి.

ఇంకొక్క హెచ్చరిక, ముఖ్యంగా నల్లగొండ ఇళ్లకు. నడుము నొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గుతున్నా, తిమ్మిరి పైకి పాకుతున్నా, ఒంటేలు ఉన్నట్టుండి బిగబట్టినా అది ఫ్లోరైడ్‌దే అనుకుని ఆగొద్దు. వెన్నుపాము నొక్కుకుపోతున్నప్పుడు గంటలు కూడా విలువైనవే. నడుస్తూ వచ్చిన మనిషి చికిత్స తర్వాత కూడా చాలావరకు నడుస్తాడు. కాళ్లు పూర్తిగా పడిపోయాక వస్తే తిరిగి లేవడం అరుదు. అదే రోజు ఎమ్మారై చేసే దవాఖానకు పోవాలి.

ఇక గ్రంథి దాటని క్యాన్సర్‌కు చేసే ఆపరేషన్. ఈ గ్రంథిని తీయడం 1904లోనే అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో హ్యూ యంగ్ మొదలుపెట్టారు. కానీ ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్లపాటు రోగులూ వైద్యులూ దానికి భయపడుతూనే ఉన్నారు. రక్తం విపరీతంగా పోయేది. బతికి బయటపడ్డవాళ్లలో దాదాపు అందరికీ అంగస్తంభన పోయేది, చాలామందికి మూత్రం ఆగేది కాదు. అంగస్తంభన నరాలు గ్రంథి లోపలి నుంచే పోతాయి కాబట్టి ఇది తప్పదని అనుకునేవారు. 1981లో అదే హాప్కిన్స్ సర్జన్ ప్యాట్రిక్ వాల్ష్, నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పీటర్ డాంకర్ అనే విశ్రాంత యూరాలజిస్టును కలిశారు. డాంకర్ అప్పుడు, చనిపోయి పుట్టిన శిశువుల దేహాల్లో మూత్రాశయపు నరాలను వెతుకుతున్నారు. పెద్దల దేహంలో కొవ్వూ గట్టి కణజాలమూ మరుగుపరిచే నరాలు పసి దేహంలో తేటగా కనిపిస్తాయి. ఇద్దరూ కలిసి చూస్తే అంగస్తంభన నరాలు గ్రంథి లోపల లేవు. దానికి ఇరుపక్కలా, వెలుపల, రక్తనాళాలతో కలిసి పోతున్నాయి. అంటే వాటిని పక్కకు తప్పించి గ్రంథిని తీయొచ్చు. 1982 ఏప్రిల్ 26న వాల్ష్ ఆ పని చేసి చూపారు. ఇప్పుడు సర్జన్ నోట వినే 'నరాలు కాపాడే ఆపరేషన్' అదే. క్యాన్సర్ ఆ పక్క అంచు దాకా వచ్చి ఉంటే మాత్రం ఆ వైపు నరాన్ని కాపాడటం కంటే తీసేయడమే మంచిది.

రోబో కథలో ఒక తెలుగు పేరు ఉంది. 2000లో యూరప్‌లో రోబో సాయంతో తొలి ప్రోస్టేట్ ఆపరేషన్లు జరిగాక, దాన్ని రోజువారీ చికిత్సగా మార్చినవారిలో డెట్రాయిట్‌లోని హెన్రీ ఫోర్డ్ హాస్పిటల్ సర్జన్ మణి మేనన్ ముఖ్యుడు. 2001లో ఆ విభాగానికి 2 కోట్ల డాలర్ల విరాళం ఇచ్చింది ప్రవాసాంధ్ర సాఫ్ట్‌వేర్ వ్యాపారి రాజ్ వట్టికూటి కుటుంబ ఫౌండేషన్. వట్టికూటి యూరాలజీ ఇన్‌స్టిట్యూట్ పేరు అలా వచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో కార్పొరేట్ దవాఖానలతో పాటు నిమ్స్‌లోనూ రోబో ఉంది. రోబోతో రక్తం తక్కువ పోతుంది, త్వరగా ఇంటికి పోవచ్చు. కానీ బ్రిస్బేన్‌లో 326 మందిని రెండుగా పంచి చేసిన అధ్యయనంలో, రెండేళ్ల తర్వాత మూత్రం అదుపులోనూ దాంపత్యంలోనూ రోబోకూ మామూలు కోతకూ తేడా కనబడలేదు. పొలం అమ్మి రోబో చేయించాలా అని అడిగేవారికి నేను చెప్పేది ఒకటే: యంత్రం పేరు కంటే ఆ సర్జన్ ఇప్పటికి ఇలాంటివి ఎన్ని చేశాడో అడగండి.

ఫ్లోరైడ్ ఊరి మనిషికి మత్తు డాక్టర్‌తో కూడా ముందే మాట్లాడాలి. మెడ వెనక్కి వంగకపోతే శ్వాసగొట్టం వేయడం కష్టం. వెన్నులోని బంధనాలు గట్టిపడి ఉంటే నడుములో సూది దిగదు. ముందే తెలిస్తే వాటికి తగిన ఏర్పాట్లు ఉంటాయి. బీడీ ఆపరేషన్‌కు కొన్ని వారాల ముందే మానేయాలి, షుగర్ అదుపులోకి తెచ్చుకోవాలి.

ఆపరేషన్ మరునాడే లేపి నడిపిస్తారు. కాళ్ల నరాల్లో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికది అవసరం. మూత్రం పైపు ఒకటి నుంచి రెండు వారాలు ఉంటుంది. ఆ పైపు మూత్రం పోవడానికి మాత్రమే కాదు, మూత్రాశయాన్ని నాళానికి కలిపి వేసిన కుట్లు దాని చుట్టూనే మానుతాయి. అందుకే ఇంటికొచ్చాక పైపు జారిపోయినా, మూసుకుపోయినా ఊళ్లోని ఆర్‌ఎంపీతో మళ్లీ పెట్టించుకోకూడదు. చూడకుండా తోస్తే కుట్లు చీలిపోతాయి. ఆపరేషన్ చేసినవాళ్లకు ఫోన్ చేయాలి, అందకపోతే యూరాలజిస్టు ఉన్న దవాఖానకు పోవాలి. ఇంటికి పంపేటప్పుడే రాత్రి పూట పలికే నంబరు అడిగి రాసుకోవాలి.

సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందనే ఉండాలి. పడుకున్నప్పుడు మంచం పట్టెకు కట్టొచ్చు, నేల మీద పెట్టొద్దు. బస్సులో రావాల్సివస్తే ఎక్కేముందు ఖాళీ చేసుకోవాలి. మూత్రంలో కాస్త ఎరుపు చాయ కొన్ని రోజులు మామూలే. నీళ్లు తాగితే పలచబడుతుంది. మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువ తాగాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టర్‌నే అడగాలి. రక్తం గడ్డలు పడటం, సంచిలోకి చుక్క రాకపోవడం, చలిజ్వరం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఉన్నట్టుండి ఆయాసం రావడం - వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయాలి.

విరేచనానికి ముక్కకూడదు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు మానాల్సిన పనిలేదు, పీచు మేలే చేస్తుంది. కింద కూర్చోవడం కష్టమైతే కొన్నాళ్లు కమోడ్ కుర్చీ తెచ్చుకోవాలి. ఆరు వారాలు బరువు ఎత్తొద్దు. 45 కిలోల యూరియా బస్తా భుజానికెత్తితే కడుపు కోతలోంచి హెర్నియా రావచ్చు. బైకు, ట్రాక్టరు సీటు కింద నుంచి కుట్ల దగ్గర ఒత్తుతాయి, వాటికీ అంతే ఆగాలి. మోకు కట్టుకుని తాటిచెట్టెక్కే గీత కార్మికుడు మళ్లీ ఎప్పుడు ఎక్కవచ్చో సర్జన్‌ను విడిగా అడగాలి. ఆ పనిలో కడుపు మీదా కటి మీదా పడే ఒత్తిడి పట్నం డాక్టర్‌కు విడమరిచి చెబితేనే తెలుస్తుంది.

పైపు తీసిన రోజు చాలామంది కుంగిపోతారు. దగ్గితే, తుమ్మితే, లేస్తే మూత్రం కారుతుంది. ఎందుకంటే మూత్రాన్ని ఆపే పనిలో సగం ఆ గ్రంథి దగ్గరి కండరం చేసేది. ఇప్పుడు మొత్తం భారం కింది కండరం మీద పడింది, అది బలపడటానికి సమయం పడుతుంది. ప్రొటెక్ట్ అధ్యయనంలో ఆపరేషన్ అయిన ఆరు నెలలకు 46 శాతం మంది ప్యాడ్ వాడుతున్నారు, ఆరేళ్లకు 17 శాతం. ఆ కండరాన్ని బలపరిచే వ్యాయామం డబ్బు ఖర్చు లేనిది. నలుగురిలో ఉన్నప్పుడు గాలి పోకుండా ఎలా బిగపడతామో అలా బిగపట్టాలి. పొట్టా తొడలూ బిగించకూడదు, ఊపిరి ఆపకూడదు. ఐదారు సెకన్లు పట్టి అంతసేపే వదలాలి. పదిసార్లు, రోజుకు మూడు పూటలా. ఆపరేషన్‌కు ముందే నేర్చుకుంటే మంచిది. పైపు ఉన్నన్నాళ్లు ఆపి, తీశాక మళ్లీ మొదలుపెట్టాలి. తడుస్తుందని నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మంట పెడుతుంది. తగ్గించాల్సింది సాయంత్రం చాయ్‌ని. ప్యాడ్ పెట్టుకుని పెండ్లికి పోవడంలో తప్పేమీ లేదు. ఏడాది దాటినా బాగా కారుతుంటే చిన్న ఆపరేషన్లు, కృత్రిమ కవాటాలు ఉన్నాయి. వాటిలో కొన్ని ఖరీదైనవి. దీనికి భిన్నంగా, బాగానే ఉన్న ధార కొన్ని నెలల తర్వాత సన్నబడుతూ వస్తే కుట్టు దగ్గర దారి ముడుచుకుంటోందేమో చూపించుకోవాలి.

దాంపత్యం గురించి మన దగ్గర డాక్టరూ అడగడు, రోగీ చెప్పడు. నరాలను కాపాడినా అవి తేరుకోవడానికి ఏడాదిన్నర, రెండేళ్లు పట్టొచ్చు. ఆరు నెలల నాటికి సంభోగానికి తగిన స్తంభన ఉన్నవాళ్లు ప్రొటెక్ట్‌లో ఆపరేషన్ గుంపులో 12 శాతం, రేడియేషన్ గుంపులో 22, కనిపెట్టి చూసిన గుంపులో 52. స్పర్శ ఉంటుంది, సుఖం కలుగుతుంది, వీర్యం మాత్రం ఇక రాదు. ఈ సంగతులు ఆపరేషన్‌కు ముందే భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాలి. సిల్డెనాఫిల్ లాంటి మాత్రలు సాయపడతాయి. కానీ గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాళ్లు వాటిని తాకకూడదు. రెండూ కలిస్తే రక్తపోటు ప్రాణం మీదికి వచ్చేలా పడిపోతుంది. మెడికల్ షాపులో గుట్టుగా కొనుక్కోవడం అందుకే ప్రమాదం.

గ్రంథి మొత్తం తీసేశాక రక్తంలో పీఎస్ఏ ఉండకూడదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదటిసారి చూస్తారు, 0.1 కంటే తక్కువ ఉండాలి. ఆ తర్వాత మొదట్లో కొన్ని నెలలకోసారి, మరి కొన్నేళ్లకు ఏడాదికోసారి. రెండుసార్లు వరుసగా 0.2 లేదా అంతకు మించితే జబ్బు తిరిగి మొదలైనట్టు లెక్క. భయపడి ఆపరేషన్ అయిన వెంటనే అందరికీ రేడియేషన్ ఇవ్వాలా, లేక పీఎస్ఏ పెరిగితేనే ఇవ్వాలా అన్న ప్రశ్నకు 2020లో రాడికల్స్ అధ్యయనం జవాబిచ్చింది: పెరగడం మొదలవగానే ఇస్తే చాలు, ముందే ఇచ్చినందువల్ల అదనపు మేలు లేదు, మూత్రం బాధలు మాత్రం ఎక్కువ. ఈ పద్ధతి నడవాలంటే ఆ తొలి పెరుగుదలను కనిపెట్టాలి. అంటే పరీక్ష తప్పకూడదు, వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించాలి, బయాప్సీ రిపోర్టు నుంచి నిన్నటి పీఎస్ఏ దాకా కాగితాలన్నీ ఒకే ఫైలులో ఉండాలి. రక్తం ఇవ్వడానికి పట్నం దాకా రానక్కర్లేదు. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో ఇచ్చి, అంకెను ఫోన్‌లో సర్జన్‌కు పంపితే సరిపోతుందా అని డిశ్చార్జి రోజునే అడిగి పెట్టుకోవచ్చు.